కూతురి దగ్గర ఐదేళ్ళు ఉండనిచ్చే వీసా: మా అనుభవం

పొద్దున ఎస్వీ యూనివర్సిటీలో వాకింగుకు వచ్చే మా వయసు వాళ్ళు నలుగురు ఒకచోట కూర్చున్నారంటే మాట వీసాల మీదికి పోతుంది. కెనడాకు ఆరు నెలలకే ఇస్తారని ఒకరు, కాదు రెండేళ్ళని ఇంకొకరు, మా వియ్యపురాలికి పదేళ్ళు కొట్టిచ్చినారని మరొకరు. ఎవరూ అబద్ధం చెప్పరు. ఎవరు ఏ సంవత్సరం పోయినారో ఆ సంవత్సరపు రూలు చెప్తారు. 2025లో మేం కెనడా సూపర్ వీసాకు, అంటే పిల్లల దగ్గర ఐదేళ్ళ దాకా ఉండనిచ్చే వీసాకు, పెట్టుకున్నప్పుడు ఎవరి మాట వినాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడానికే చాలా రోజులు పట్టింది. మా మాదిరి తల్లిదండ్రులు తిరుపతిలో, చిత్తూరులో చాలామంది ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని మేం పోయిన దారి రాస్తున్నాను.

మా పాప, అల్లుడు టొరంటో పక్కన మిస్సిసాగాలో ఉంటారు. 2021లో పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, వచ్చింది. నాలుగేళ్ళ మనవడు. నేను తపాలా శాఖలో చేసి రిటైరయినాను, మా ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయినారు. ఇక్కడ మమ్మల్ని పట్టి ఉంచే పనేమీ లేదు. "అమ్మా, ఆరు నెలలకని వస్తే వాడు మీకు అలవాటయ్యే లోపలే మీరు ఫ్లైటెక్కేస్తారు. కొన్నేళ్ళు ఉండేట్టు రండి" అని పాప ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది.

మొదట మేం కూడా పీఆర్ గురించే ఆలోచించినాం. పిల్లలు తల్లిదండ్రులను స్పాన్సర్ చేసే స్కీము ఒకటి అక్కడ ఉంది. కానీ 2020లో 'మేం స్పాన్సర్ చేస్తాం' అని ఫారం వేసినవాళ్ళ జాబితాలోంచే ఆ తర్వాత కూడా పిలుస్తూ వచ్చినారు. 2021లో దిగిన మా పాప పేరు అందులో ఎట్లుంటుంది? పైగా 2025 జనవరిలో ఆ దారిలో కొత్త దరఖాస్తులు ఆపినారు. ఇక మామూలు విజిటర్ వీసా. దాని మీద సాధారణంగా ఒక విడతకు ఆరు నెలలు ఉండనిస్తారు. 2024 నవంబరు దాకా పదేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఎన్నిసార్లయినా పోయి రాగలిగే వీసా, ఇవ్వడం రివాజుగా ఉండేది. ఆ నెల నుంచి ఎన్నేళ్ళకివ్వాలి, ఎన్నిసార్లు రానివ్వాలి అన్నది ఆఫీసరు చూసి నిర్ణయించేట్టు మార్చినారు. వియ్యపురాలి పదేళ్ళ కథ ఆ ముందటిది.

మిగిలింది సూపర్ వీసా. ఇది 2011 డిసెంబరులో మొదలైంది. తల్లిదండ్రులకు, తాత అవ్వలకు మాత్రమే. మొదట్లో ఒకసారి పోతే రెండేళ్ళ దాకా ఉండనిచ్చేవాళ్ళు. 2022 జూలై 4 నుంచి దాన్ని ఐదేళ్ళు చేసినారు. వీసా పదేళ్ళ వరకూ ఇవ్వొచ్చు. అంతకాలం ఉన్నా మనం అక్కడ విజిటర్లమే. పని చేయకూడదు, సర్కారు హెల్త్ కార్డు రాదు. ఈ ఒక్క సంగతి మనసుకు బాగా పట్టించుకుని పోవాలి, ఎందుకంటే మిగతా షరతులన్నీ దీని చుట్టే తిరుగుతాయి.

ఊళ్ళో ఒక ఏజెంటు దగ్గరికి పోయినాం. ఆయన రెండేళ్ళే అన్నాడు, ఇన్సూరెన్స్ కెనడా కంపెనీదే కొనాలన్నాడు, ఫీజు గట్టిగానే చెప్పినాడు. ఇంటికొచ్చి పాపకు వీడియో కాల్ చేస్తే తను కెనడా ఇమిగ్రేషన్ సైటు తెరిచి చదివి వినిపించింది. రెండేళ్ళన్నది మూడేళ్ళ కిందటే పోయింది. ఇన్సూరెన్స్ రూలు కూడా 2025 జనవరి 28న మారింది. బయటి దేశాల కంపెనీల పాలసీలు కూడా తీసుకుంటారు, కానీ ఆ కంపెనీకి కెనడాలోని ఆర్థిక సంస్థల పర్యవేక్షణ కార్యాలయం అనుమతి ఉండాలి. ఈ 'కానీ' తరువాతి ముక్కను వదిలేసి, ఇకమీద ఇండియా పాలసీ ఏదైనా చాలు అని వాట్సాప్‌లో ఒక మెసేజీ తిరిగింది. అది నమ్మి ఇక్కడ పాలసీ కొనుక్కుంటే దరఖాస్తు తిరిగొస్తుంది. ఏజెంటు వద్దు, మనమే చేసుకుందాం అని ఆ రాత్రే అనుకున్నాం.

పాప వైపు కాగితాలు తొందరగానే అయిపోయినాయి. మమ్మల్ని పిలుస్తున్నట్టు ఉత్తరం, అందులో ఇంట్లో ఎంతమంది ఉంటారు, మా ఖర్చులు తామే చూసుకుంటాం అన్న మాట, పీఆర్ కార్డు కాపీ, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే అసెస్‌మెంట్ నోటీసు. ఆదాయం లెక్క మనుషుల తలలను బట్టి ఉంటుంది. వాళ్ళు ముగ్గురు, మేమిద్దరం, ఐదుగురికి ఏడాదికి 60 వేల కెనడా డాలర్లు దాటి చూపించాల్సి వచ్చింది. భార్యాభర్తలిద్దరి ఆదాయం కలిపి చూపించొచ్చు కాబట్టి ఇబ్బంది రాలేదు.

అసలు కష్టమంతా మా బీరువాలోనే ఉంది.

పాప మా బిడ్డేనని రుజువు కావాలి. పాప పుట్టింది తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో. బర్త్ సర్టిఫికెట్ తీసి చూస్తే పుట్టిన తేదీ, మా ఇద్దరి పేర్లు ఉన్నాయి, బిడ్డ పేరు రాయాల్సిన గడి ఖాళీ. ఆ రోజుల్లో పేరు పెట్టకముందే పుట్టుక నమోదు చేయించి ఊరుకునేవాళ్ళం, మళ్ళీ పోయి పేరు ఎక్కించాలని ఎవరికి తోచేది? ఇక మా ఆయన పేరు. మా చిత్తూరు జిల్లాలో పేరుకు ముందు రెండు ఇనిషియల్స్ ఉంటాయి. ఒకటి ఇంటిపేరు, ఇంకొకటి నాయన పేరో ఊరి పేరో. ఉద్యోగపు కాగితాల్లో రెండూ అక్షరాలుగానే ఉన్నాయి. పాస్‌పోర్టులో ఇనిషియల్స్ పనికిరావు, విడదీసి రాయాలి. ఆయన పాస్‌పోర్టులో నాయన పేరు, తన పేరు కలిపి గివెన్ నేమ్ గడిలో వేసినారు, సర్‌నేమ్ గడి ఖాళీ. పాప పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరు ఇంటిపేరుతో ఉంది, తాత పేరు లేదు. పదో తరగతి మెమోలో మళ్ళీ రెండు ఇనిషియల్స్. నాలుగు కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూస్తే, మమ్మల్ని ఎరగని ఆఫీసరు ముగ్గురు వేరువేరు మనుషులనుకున్నా అనుకుంటాడు.

పాస్‌పోర్టే మార్పించుకుందామా అని మా ఆయన అడిగినారు. ఇక్కడి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఆ పని అవుతుంది. కానీ అప్పుడు బ్యాంకు, పెన్షను, ఆధారు కూడా దాని వెంట మార్చుకుంటూ పోవాలి. ఉన్న పేరును వివరించుకోవడమే మేలనుకున్నాం. సర్‌నేమ్ లేని పాస్‌పోర్టున్నవాళ్ళకు కెనడా ఫారంలో ఒక పద్ధతి ఉంది. పేరంతా ఫ్యామిలీ నేమ్ గడిలో వేసి, గివెన్ నేమ్ గడి ఖాళీగా వదలాలి. పాప ముందు అది తప్పనుకుంది, సైటులో చదివాక అట్లే నింపింది. కోర్టు దగ్గర నోటరీతో ఈ మూడు రకాల పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ రాయించినాం. దానికి పాప పాస్‌పోర్టు చివరి పేజీ, పదో తరగతి మెమో, పేరు లేని బర్త్ సర్టిఫికెట్, మా నలుగురి పేర్లున్న పాత రేషన్ కార్డు జత చేసినాం. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. వాడు చిన్నప్పటి సామాన్ల పెట్టెలో ఎక్కడుందో చెప్తేనే ఆ రేషన్ కార్డు దొరికింది.

రేషన్ కార్డు తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం కావాలి. మా ఆయన జీవితమంతా ఇంగ్లీషు చెప్పిన మనిషి, అరగంటలో చేసి పెట్టగలరు. కానీ దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు గానీ, వాళ్ళ కుటుంబంలోని వాళ్ళు గానీ చేసిన అనువాదం చెల్లదు. బయటివాళ్ళతో చేయించి, చేసిన మనిషి అఫిడవిట్ కూడా పెట్టాలి. అదీ చేయించినాం. ఇది చదివేవాళ్ళకు నేను మరీమరీ చెప్పేది ఒకటే, వీసా మాట రాకముందే మీ పేరు, పిల్లల కాగితాల్లోని మీ పేరు పక్కపక్కన పెట్టి చూసుకోండి. కెనడాకే కాదు, 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళను రానివ్వమన్నప్పుడు మాకు తెలిసినవాళ్ళ పిల్లవాడు దుబాయి ప్రయాణం ఆపుకోవాల్సి వచ్చింది.

ఇన్సూరెన్స్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. రూలు ప్రకారం కనీసం లక్ష కెనడా డాలర్లకు, దిగిన రోజు నుంచి ఒక ఏడాదికి, వైద్యం, ఆసుపత్రి, ఏదైనా జరగరానిది జరిగితే దేహాన్ని ఇండియాకు తెచ్చే ఖర్చు కూడా కవరయ్యేట్టు ఉండాలి. డబ్బు మొత్తం కట్టొచ్చు, లేదా కొంత కట్టి వాయిదాలు పెట్టుకోవచ్చు. ఉత్త కొటేషన్ పెడితే ఒప్పుకోరు. వీసా రాకపోతే కంపెనీలు చాలావరకు డబ్బు వాపసు ఇస్తాయి. మా పాప అక్కడి కంపెనీదే తీసుకుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామంది చదవనిది పాత జబ్బుల క్లాజు. నాకు పదేళ్ళుగా బీపీ. అట్లాంటి జబ్బు పాలసీ మొదలయ్యే రోజుకు ముందు 90 రోజులు, కొన్ని పాలసీల్లో 180 రోజులు, 'స్టేబుల్'గా ఉంటేనే దానివల్ల వచ్చే ఖర్చు ఇస్తారు. స్టేబుల్ అంటే మాత్ర మారకూడదు, డోసు పెరగకూడదు, తగ్గకూడదు.

సరిగ్గా అప్పుడే మా డాక్టరు నా మాత్ర మార్చాలన్నారు. పాలసీ సంగతి చెప్తే ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూసి, "అమ్మా, బీపీ 160 పెట్టుకుని ఫ్లైటెక్కుతావా? మందు ఈరోజే మారుస్తా. నువ్వు తేదీ మార్చుకో" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చుతుంది. మందు మార్పించుకుని, పాలసీ మొదలయ్యే తేదీని 90 రోజులు దాటేట్టు జరిపించినాం. వీసా ఆఫీసరుకు కావాల్సింది లక్ష డాలర్ల అంకె, ఏడాది గడువు. రేపు అర్ధరాత్రి గుండె పట్టుకుంటే మన పిల్లల మీద బిల్లు పడుతుందా లేదా అన్నది ఆ చిన్న అక్షరాల క్లాజులో ఉంటుంది. కొడుకూ కోడలూ చూసుకుంటారులే అని వదిలేయకండి. ఇంగ్లీషు రాకపోతే పిల్లలను కూర్చోబెట్టి చదివించుకోండి.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేసి, ఒక్కొక్కరికి వీసా ఫీజు 100 డాలర్లు, వేలిముద్రలకు 85 డాలర్లు కట్టినాక రెండు ఉత్తరాలు వచ్చినాయి. ఒకటి బయోమెట్రిక్స్, ఇంకొకటి మెడికల్. రెండింటికీ 30 రోజుల గడువు. రెండూ చెన్నైలోనే పెట్టుకున్నాం. పుత్తూరు, ఊత్తుకోట మీదుగా పోయే బస్సులో మాధవరం దిగి, పెరంబూరులో మా చెల్లెలి ఇంట్లో మకాం. బయోమెట్రిక్స్ గురించి చెప్పేదేమీ లేదు. పది వేళ్ళు, ఒక ఫోటో, అంతే. అవి పదేళ్ళు చెల్లుతాయి.

మెడికల్ మాత్రం మమ్మల్ని కుదిపేసింది. కెనడా వాళ్ళు గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. ఎత్తు, బరువు, బీపీ, మూత్రం, రక్తం, ఛాతీ ఎక్స్‌రే. ఎక్స్‌రే తరువాత మా ఆయనను మళ్ళీ లోపలికి పిలిచినారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో పాత మచ్చ కనబడుతోందని, ఎప్పుడైనా టీబీ వచ్చిందా అని డాక్టరు అడిగినారు. మా ఆయన దాచలేదు. కాలేజీలో చదువుకు చేరిన కొత్తలో దగ్గు పట్టి, రక్తం కూడా పడితే, వాళ్ళ నాయన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియానికి తీసుకుపోయినాడు. నెలల తరబడి ఇంజెక్షన్లు, మాత్రలు వాడి నయమై వచ్చినారు. యాభై ఏళ్ళ కిందటి మాట. ఆ కాగితం ఒక్కటీ మిగల్లేదు. పెళ్ళికి ముందు ఈ సంగతి మా నాన్నకు చెప్పినారంట, నాన్న "మందు తిన్నాడు, మేలైంది, ఇంకేం" అన్నారంట.

ఇంక తెమడ పరీక్ష. వరసగా మూడు రోజులు పొద్దున్నే ఏమీ తినకుండా పోవాలి. క్లినిక్‌లో గాలి బాగా ఆడే ఒక చిన్న గదిలో నిలబెట్టి, డబ్బా చేతికిచ్చి దగ్గమంటారు. నాయుడుపేట అమ్మాయి ఒకామె నర్సు. "అంకుల్, నోటి ఉమ్ము వద్దు. లోతుగా ఊపిరి పీల్చి పట్టి, కడుపులోంచి దగ్గండి, అప్పుడొస్తుంది" అని ఓపికగా చెప్పింది. మొదటిరోజు రాలేదు. ఆయన మొహం చూడలేకపోయినాను. అరవై ఏడేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళు వందల మంది ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషి, ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని దగ్గలేక నీళ్ళు నిండిన కళ్ళతో బయటికి చూస్తున్నారు. ఆ అమ్మాయి ఆవిరి పట్టించి మళ్ళీ ప్రయత్నం చేయించింది. వచ్చింది.

మూడు రోజులయినాక చెప్పినారు, సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్ష తొందరగానే తేలుతుంది, కల్చర్ మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. క్రిములు ఉంటే పెరగడానికి అంత టైము కావాలి. 30 రోజుల గడువు దాటిపోతుందే అని నాకు భయం. పరీక్ష గడువులోనే మొదలైంది, మిగతాది రిపోర్టు రాగానే మేమే పంపిస్తాం అని క్లినిక్ వాళ్ళు ధైర్యం చెప్పినారు. ఆ వారాల్లో మా ఆయన వీసా మాటే ఎత్తలేదు. రాకపోతే నువ్వొక్కదానివే పో అన్నారు ఒకరోజు, భోజనం చేస్తూ. నేను పోనన్నాను.

మచ్చ ఉన్నంత మాత్రాన వీసా పోదు. ఇది నేను అక్కడే తెలుసుకున్నాను, అందుకే గట్టిగా చెప్తున్నాను. వాళ్ళు చూసేది ఇప్పుడు జబ్బు ఉందా, పక్కవాళ్ళకు అంటుకుంటుందా అన్నదే. మా తరంలో టీబీ వచ్చి నయమైనవాళ్ళు ఎంతోమంది. సిగ్గుపడి దాచిపెడితే ఎక్స్‌రే దాచదు. చెప్పేస్తే ఆలస్యం అవుతుంది, అంతే. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. కొన్నాళ్ళకు ఇద్దరినీ పాస్‌పోర్టులు పంపమన్నారు. మా ఆయన వీసాతో పాటు ఇంకో కాగితం వచ్చింది. దిగిన 30 రోజుల్లోపల అక్కడి ప్రజారోగ్య శాఖను కలవాలని.

మేం ఇట్ల తిప్పలు పడుతుండగానే ఎదురింటి అవ్వకు అమెరికా వీసా రెన్యూవల్ చేయించుకోవాల్సిన పని పడింది. ఆమెకు 81. ఇదివరకు 79 దాటినవాళ్ళు ఇంటర్వ్యూకు పోకుండా కాగితాలు డ్రాప్‌బాక్స్‌లో వేస్తే సరిపోయేది. 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ వెసులుబాటు తీసేసినారు. పాత వీసా గడువు ముగిసి 12 నెలలు దాటకుండా ఉన్న బి1, బి2 (విజిటర్ వీసా) వాళ్ళకు దారి ఉంది గానీ, ఆమెది ఎప్పుడో ముగిసింది. మోకాళ్ళు వంగని మనిషిని వీల్‌చైర్‌లో చెన్నై తీసుకుపోవాల్సి వచ్చింది. దేశాలు తమ గుమ్మం తాము కాపాడుకోవడం నాకు అర్థమవుతుంది. ఎనభై దాటిన ముసలివాళ్ళను ఇట్ల తిప్పడంలో ఎవరికి ఏం భద్రత పెరుగుతుందో అర్థం కాదు. ఇందులో నా కోపం దాచుకోను.

టొరంటోలో దిగినాక కౌంటరులో ఆఫీసరు మొదట ఎన్నాళ్ళుంటారు అని అడిగినాడు. మేం సూపర్ వీసా అని ముందే చెప్పినాం, పాప చెప్పమన్న మాదిరిగా. ఇన్సూరెన్స్ కాగితం అడిగి చూసినాడు. ముద్ర వేసినాక అక్కడే నిలబడి పాస్‌పోర్టు తెరిచి తేదీ చూసుకున్నాం. చేత్తో తేదీ రాయకుండా ఉత్త ముద్రే వేస్తే సాధారణంగా ఆరు నెలలుగా లెక్క. కౌంటరు దగ్గరే అడిగితే అక్కడే తేలిపోతుంది, లేదంటే ఇంటికి పోయినాక ఉత్తరాలు రాసుకోవాలి. మాకు 2030 అని రాసినాడు. మా ఆయన ఆ అంకె నాకు చూపించి ఏమీ అనకుండా పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నారు.

ప్రజారోగ్య శాఖ నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. దగ్గుందా, జ్వరమొస్తోందా, బరువు తగ్గినారా అని అడిగి, మళ్ళీ ఒక ఎక్స్‌రే తీయించమనింది. ఆమె మాట మర్యాదగా ఉంది. మచ్చ అట్లే ఉంది, మారలేదు. దాంతో అది ముగిసింది.

ఇంక మిగిలినవి ఏటేటా చేసుకోవాల్సిన పనులు. నాది కేంద్ర ప్రభుత్వ పెన్షను కాబట్టి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. టొరంటోలోని మన కాన్సులేట్ వాళ్ళు ఆ నెలలో క్యాంపులు పెడతారు, అక్కడికి పోతే సరిపోతుంది. ఐదేళ్ళు ఉండొచ్చని ఐదేళ్ళూ అక్కడే ఉండాలని లేదు. మా ఆడబిడ్డ కొడుకు పెళ్ళికని మధ్యలో తిరుపతికి వచ్చినాం, ఇది రాస్తున్నది ఇక్కడి నుంచే. మళ్ళీ లోపలికి పోయేటప్పుడు కూడా చెల్లుబాటయ్యే ఇన్సూరెన్స్ చూపించాలి. మొదటి ఏడాది పాలసీ అప్పటికి ముగిసిపోతుంది. అందుకని పాప టికెట్లు బుక్ చేసేముందు రెన్యూవల్ చేసింది, నా మాత్ర ఈ మూడు నెలల్లో ఏమైనా మారిందా అని రెండుసార్లు అడిగి మరీ.